పొట్ట మీద సంచి, కింద చక్రాల కుర్చీ: ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు

(మొగుళ్లపల్లిలో రోగుల కుటుంబ సభ్యుల ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పత్తి ఏరే రోజుల్లో కూలి మానుకొని వచ్చారు. కాబట్టి ఎక్కువ ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వస్తాను.

వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు చచ్చుబడిన మనిషికి పొట్ట మీద మూత్రం సంచి పెట్టవలసి వచ్చిందనుకోండి. ఆ మనిషి చక్రాల కుర్చీలో తిరుగుతూ, తన పని తాను చేసుకుంటూ ఎలా బ్రతకవచ్చు? ఇంటివారు ఏం చేయాలి, ఏం చేయకుండా ఉండాలి? ఈరోజు నేను చెప్పేది ఇదే. చేయకుండా ఉండవలసినవి కూడా ఉంటాయా అని మీకు అనిపించవచ్చు. ఉన్నాయి. నేను చూసినంతవరకు అవే ఎక్కువ.

మన మొగుళ్లపల్లి, చిట్యాల, రేగొండ, టేకుమట్ల వైపు నడుము విరిగినవారు ఎలా విరగ్గొట్టుకున్నారో మీకు నేను చెప్పనవసరం లేదు. తాటిచెట్టు మీద నుంచి జారిపడ్డ గీత కార్మికులు ఉన్నారు. చీకట్లో మోటారు సైకిలు మీద వస్తూ రోడ్డు పక్కన ఆగిన ట్రాక్టరును గుద్దినవారు ఉన్నారు. గోడ కడుతూ సారువ మీద నుంచి పడ్డ మేస్త్రీలు, చేదబావిలో పడ్డవారు ఉన్నారు. వెన్నెముకకు క్షయ సోకి కాళ్ళు పడిపోయినవారు, పుట్టుకతోనే వెన్ను సరిగా మూసుకోని పిల్లలు కూడా ఉన్నారు. గీత కార్మికుల కోసం 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరుతో నడుముకు కట్టుకునే రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. చెట్టు ఎక్కేవారు ఇంట్లో ఎవరున్నా ఆ కిట్టు కట్టుకోకుండా ఎక్కనివ్వకండి. ఇప్పటికే పడ్డవారి సంగతికి వద్దాం.

వెన్నుపాము తెగితే కాళ్ళే పోతాయని అందరూ అనుకుంటారు. కాళ్ళు కనబడతాయి కాబట్టి అలా అనుకుంటారు. మూత్రాశయం కనబడదు. మూత్రం నిండింది అన్న కబురు మెదడుకు, వదిలిపెట్టు అన్న కబురు మూత్రాశయానికి వెన్నుపాము గుండానే పోతాయి. ఆ దారి తెగితే కొందరికి మూత్రాశయం నిండినా వదలదు. కొందరికి ఇష్టం వచ్చినట్లు బిగుసుకొని, కింద దారి తెరుచుకోక, మూత్రం వెనక్కి కిడ్నీల వైపు ఎగదన్నుతుంది. ఇలా ఏళ్ళ తరబడి జరిగితే కిడ్నీలు పాడవుతాయి. పూర్వం వెన్ను దెబ్బతిన్నవారిలో చాలామంది ప్రాణం తీసింది ఈ కిడ్నీల జబ్బే.

దీనికి మొదటి వైద్యం సంచి కాదు. రోజుకు నాలుగైదు సార్లు శుభ్రమైన సన్నని గొట్టం పెట్టి మూత్రం తీసి, మళ్ళీ ఆ గొట్టాన్ని తీసేయడం. అమెరికాలో లాపిడెస్ అనే డాక్టరు 1972లో ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఇది చేసుకోగలిగినవారికి ఇదే మేలు. అయితే కొందరికి ఇది కుదరదు. చేతుల్లో పట్టు లేనివారు ఉంటారు. ఏళ్ళ తరబడి ఒకే గొట్టం ఉంచేయడం వల్ల మూత్రద్వారం చీలిపోయినవారు ఉంటారు. ఎంత చేసినా మూత్రం కారుతూ పిరుదుల మీది పుండ్లు మాననివారు, మూత్రాశయం కుంచించుకుపోయి కిడ్నీలు వాచినవారు ఉంటారు. మూత్రాశయంలో క్యాన్సర్ వచ్చినవారూ ఉంటారు. అటువంటివారికి డాక్టరు యూరోస్టమీ చేయాలంటారు.

ఆ ఆపరేషన్‌లో ఏం చేస్తారో మీరు తెలుసుకోవాలి, లేకపోతే ఊళ్ళో ఎవరో చెప్పింది నమ్ముతారు. చిన్నపేగులో సుమారు జానెడు ముక్క వేరుచేసి, మిగతా పేగును మళ్ళీ కలిపి కుట్టేస్తారు. ఆ ముక్కకు ఒక చివర మూసేసి, కిడ్నీల నుంచి వచ్చే రెండు మూత్రనాళాలను దానికి అతుకుతారు. రెండో చివరను పొట్ట మీదికి తెచ్చి కుడతారు. ఎక్కువగా కుడి పక్కన ఉంటుంది. దానినే స్టోమా అంటాము. ఈ పద్ధతిని 1950లో బ్రికర్ అనే సర్జన్ వివరించారు, ఇప్పటికీ చేస్తున్నారు. స్టోమా మన పెదవి లోపలి భాగంలాగా ఎర్రగా, తడిగా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి తెలియదు. తుడిస్తే ఒకటి రెండు రక్తపు చుక్కలు రావచ్చు, భయపడవద్దు. మూత్రంలో తెల్లని జిగురు తీగలుగా వస్తుంది, అది పేగు నుంచి వచ్చేదే, చీము కాదు. మొదట్లో వాపు ఉండి, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో సైజు తగ్గుతుంది. కాబట్టి మొదటి రోజు కొలత పెట్టుకొని ఏడాదంతా అదే సైజులో రంధ్రం కత్తిరించకూడదు.

మూత్రాశయం అంటే నిండేవరకు ఆపుకునే తిత్తి. స్టోమాకు ఆపుకునే శక్తి లేదు. కిడ్నీలు తయారుచేసిన మూత్రం పగలూ రాత్రీ చుక్క చుక్కగా వస్తూనే ఉంటుంది. అందుకే సంచి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది చెబుతాను. స్టోమా ఎక్కడ పెట్టాలో ఆపరేషన్‌కు ముందే పొట్ట మీద గుర్తు పెట్టాలి. ఆ గుర్తు మనిషి తన చక్రాల కుర్చీలో, రోజూ కూర్చునే తీరులో కూర్చున్నప్పుడే పెట్టాలి.

ఒక గీత కార్మికుని సంగతి చెబుతాను, పేరు అవసరం లేదు. వేరే ఒక పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. ఆపరేషన్ మంచిగానే చేశారు, కిడ్నీలు నిలబడ్డాయి. అయితే గుర్తు మంచం మీద పడుకోబెట్టి పెట్టారు. పడుకున్నప్పుడు ఆ చోటు చదునుగా ఉంది. ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చోగానే స్టోమా పొట్ట మడతలోకి పోయింది. చచ్చుబడిన పొట్ట కండరాలకు పట్టు ఉండదు కదా, కూర్చుంటే పొట్ట ముందుకు జారి మడత పడుతుంది. ప్లేటు అంటుకోదు. అంటుకున్నా రెండు గంటల్లో కారుతుంది. పైగా ఆ మడత కింద ఏముందో ఆయనకు కనబడదు, కనబడకపోతే తన చేతితో తాను చేసుకోలేడు. ఏడు నెలలు ఆ మనిషి మంచం దిగలేదు. మంచం దిగనందుకు పుండు వచ్చింది. మా దగ్గరకు వచ్చాక మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే ప్లేటు, మడతను పూడ్చే మెత్తని రింగు, బెల్టు వాడి ఒక దారికి తెచ్చాము. ఇప్పుడు రోడ్డు పక్కన సైకిళ్ళకు పంక్చర్లు వేస్తున్నాడు. అయినా ఆ ప్లేట్లకు అయ్యే అదనపు ఖర్చు జీవితాంతం ఆయనదే.

కాబట్టి ఆపరేషన్ ఎక్కడ చేయించుకున్నా, వరంగల్ ఎంజీఎంలో గానీ, హైదరాబాద్ నిమ్స్‌లో గానీ, ప్రైవేటులో గానీ, ముందురోజే అడగండి. "డాక్టరు గారూ, మావాడు కుర్చీలోనే ఉంటాడు, కుర్చీలో కూర్చోబెట్టి గుర్తు పెట్టండి" అని మర్యాదగా చెప్పండి. నడిచేవారికి బొడ్డు కింద పెడతారు. కుర్చీలో ఉండేవారికి చాలాసార్లు ఇంకొంచెం పైన, మడతకు ఎగువన, ఆ మనిషి తల వంచితే కనబడే చోట పెట్టవలసి ఉంటుంది. కుర్చీ బెల్టు, నడుము పట్టీ, కాళ్ళకు కాలిపర్లు వాడితే వాటి పట్టీ, పాత ఆపరేషన్ మచ్చ, తుంటి ఎముక, పక్కటెముక, వీటికి దూరంగా ఉండాలి. ఆయన ముందుకు వంగాలి, పక్కకు ఒరగాలి, మంచం మీదికి మారి చూపాలి. అప్పుడు కూడా గుర్తు మడతలో పడకుండా ఉంటేనే అది సరైన చోటు. కుర్చీ తీసుకుపోవడం కష్టమని ఇంట్లో వదిలి పోవద్దు.

ఇక సంచి సంగతి. మెడికల్ షాపులో "స్టోమా బ్యాగు" అని అడిగితే కొన్నిసార్లు మలం కోసం వాడే బ్యాగు ఇస్తారు. యూరోస్టమీ బ్యాగుకు కింద చిన్న నల్లా ఉంటుంది, లోపల మూత్రం వెనక్కి పోకుండా ఆపే పొర ఉంటుంది. ఆ రెండూ చూసి తీసుకోండి. హొలిస్టర్, కోలోప్లాస్ట్, కాన్వాటెక్ వంటి కంపెనీలవి దొరుకుతాయి. ప్లేటు, సంచి ఒకటిగా ఉండేవి ఒక రకం. ప్లేటు వేరుగా, సంచి వేరుగా ఉండేవి ఇంకో రకం. రెండో రకంలో ప్లేటు ఒంటి మీదే ఉంచి సంచి మాత్రం మార్చుకోవచ్చు. చేతులు బాగా పనిచేసేవారికి అది బాగుంటుంది. వేళ్ళలో పట్టు తక్కువ ఉన్నవారికి రింగు నొక్కడం కష్టం, వారికి ఒకటిగా ఉండేదే సులువు. నల్లా కూడా రకరకాలుగా ఉంటుంది. కొనేముందు ఆ మనిషి చేతికే ఇచ్చి తెరవమనండి, మూయమనండి. మీరు తెరిచి చూసి కొనవద్దు.

ప్లేటు సాధారణంగా మూడు నాలుగు రోజులకు ఒకసారి మార్చాలి. కారినా, కింద దురద పెట్టినా, మండినా అప్పుడే మార్చాలి. ఎండాకాలంలో చెమటకు త్వరగా ఊడుతుంది. పొద్దున లేచి టీ, నీళ్ళు ఏమీ తాగకముందు మార్చడం మంచిది, అప్పుడు మూత్రం తక్కువగా వస్తుంది. అయినా చుక్కలు ఆగవు కాబట్టి శుభ్రమైన మెత్తని గుడ్డను వత్తిలాగా చుట్టి స్టోమా మూతి మీద పెట్టి, చుట్టూ చర్మం కడిగి బాగా ఆరబెట్టాలి. మామూలు నీళ్ళు చాలు. డెటాల్, స్పిరిట్, నూనె, పౌడరు, పసుపు, ఏవీ వద్దు. నూనె రాస్తే ప్లేటు అంటదు, స్పిరిట్ పెడితే చర్మం కాలుతుంది. రంధ్రం స్టోమా కంటే రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా కత్తిరించాలి. అంతకంటే పెద్దదైతే మధ్యలో చర్మం మూత్రంలో నానుతుంది. ప్లేటును అంటించే ముందు అరచేతుల మధ్య కాసేపు వెచ్చబెట్టి, అంటించాక పైన చేయి పెట్టి ఒక నిమిషం అదిమి ఉంచాలి. కుర్చీలో ఉండేవారికి ఇంకొక మాట. మార్చేటప్పుడు పొట్ట మడత పడకుండా వెనక్కి ఒరిగి గానీ, మంచం మీద తలగడకు ఆనుకొని గానీ చేసుకోవాలి. ఎదురుగా చిన్న అద్దం పెట్టుకుంటే స్టోమా కింది అంచు కూడా కనబడుతుంది. గడ్డం గీసుకునే అద్దం చాలు.

సంచిని ఏ వైపు వేలాడేలా అంటించాలో చాలామంది ఆలోచించరు. నడిచేవారికి నిలువుగా కిందికి ఉంటే సరిపోతుంది. కూర్చునేవారికి అలా పెడితే సంచి తొడల మీద మడతపడి, నల్లా పైకి లేచి, మూత్రం ప్లేటు దగ్గరే నిలిచి ప్లేటును ఊడదీస్తుంది. కొంచెం వాలుగా, లోపలి తొడ వైపు వచ్చేలా అంటిస్తే నల్లా కుర్చీ సీటు అంచు దగ్గరికి వస్తుంది. అప్పుడు మరుగుదొడ్డి దాకా కూడా పోనక్కరలేదు. కుర్చీలో కూర్చునే ఒక సీసాలోకి వదిలి, తర్వాత పారబోసుకోవచ్చు. మన ఊళ్ళల్లో, బస్టాండుల్లో, పెళ్ళి ఇళ్ళల్లో కుర్చీ పట్టే మరుగుదొడ్డి ఎక్కడుంది చెప్పండి. మూత మూసుకునే ప్లాస్టిక్ సీసా ఒకటి, గుడ్డ సంచిలో పెట్టి కుర్చీ వెనుక వేలాడదీసుకుంటే మేడారం జాతరకైనా పోయి రావచ్చు. ఈ ఒక్క సౌకర్యం కోసమే నేను ఈ ఆపరేషన్‌ను అంతగా చెడ్డదనుకోను.

సంచి మూడోవంతు నుంచి సగం నిండేలోపు ఖాళీ చేయాలి. మంచం మీదికి, ఆటోలోకి మారే ముందు, పుండ్లు రాకుండా చేతుల మీద ఒళ్ళు లేపుకొని ముందుకు వంగే ముందు, సంచి నిండుగా ఉంటే తొడకూ పొట్టకూ మధ్య నలిగి ప్లేటు ఎగిరిపోతుంది. మన దగ్గర ఇంకొక అలవాటు ఉంది. మెట్లు ఎక్కించడానికి మనిషిని వీపు మీద ఎత్తుకుంటాము. అప్పుడు సంచి మీ వీపుకూ ఆయన పొట్టకూ మధ్య పడుతుంది. ఎత్తుకోక తప్పకపోతే ముందు సంచి ఖాళీ చేయండి. ఇద్దరు చేతులు కలిపి కుర్చీలా పట్టి లేపడం వీపు మీద ఎత్తుకోవడం కంటే నయం.

ఎక్కువసేపు బయట ఉండేవారు, మూడు చక్రాల సైకిలు తొక్కేవారు, దుకాణంలో కూర్చునేవారు కాలికి కట్టుకునే రెండో సంచిని గొట్టంతో కలుపుకోవచ్చు. సౌకర్యమే, అయితే ఒక ప్రమాదం ఉంది. కాలికి స్పర్శ లేదు. పట్టీ బిగుతుగా ఉన్నా తెలియదు, గొట్టం తొడ కింద పడి ఒరుసుకున్నా తెలియదు, నల్లా చర్మంలోకి గుచ్చుకున్నా తెలియదు. సాయంత్రం చూస్తే పుండు. రోజుకొక కాలు మార్చి కట్టుకోవాలి. పట్టీ కింద వేలు దూరాలి. రాత్రి పడుకునే ముందు పొట్ట, తొడలు, పిరుదులు చూసుకోవాలి. అద్దంతో తానే చూసుకోగలిగినంత తాను చూసుకోవాలి, కనబడని చోట మీరు చూడండి. గిచ్చినా తెలియని చోట ఎర్రగా కనబడి, అరగంట గడిచినా ఆ ఎరుపు పోకపోతే అది పుండుకు మొదలు. అక్కడ భారం పడనివ్వకండి.

రాత్రికి పెద్ద బ్యాగు కలపాలి. రెండు లీటర్లు పట్టేది, సాధారణంగా గొట్టం వేసినవారికి మంచానికి కట్టేదే. కలపడానికి చిన్న జాయింటు ముక్క కావాలి, అది సంచి డబ్బాలోనే వస్తుంది, పారవేయవద్దు. కలిపేటప్పుడు పొట్ట మీది సంచిలో కొంచెం మూత్రం ఉంచి కలిపితే సంచి గోడలు రెండూ అతుక్కుపోకుండా ధార సాగుతుంది. రాత్రి బ్యాగు మంచం కంటే కింద ఉండాలి, నేల మీద పడేయకూడదు. గొట్టం ఒంటి కింద పడకూడదు. పొద్దున బ్యాగును నీళ్ళతో కడిగి, ఒక వంతు తెల్ల వెనిగర్, మూడు వంతుల నీళ్ళు కలిపి కాసేపు నింపి ఉంచి, పారబోసి, నీడలో ఆరబెడితే వాసన రాదు.

ఇప్పుడు నీళ్ళ సంగతి. దీని గురించి నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. ఒక తల్లి నాతో అన్నది, "సిస్టరమ్మా, నీళ్లు తక్కువనే ఇస్తున్న, ఎక్కువ తాగితే సంచి ఊకె నిండుతున్నది" అని. కొడుకు మీద ప్రేమ లేక కాదు. పొద్దస్తమానం పత్తి చేనులో వంగి పనిచేసి వచ్చిన మనిషి, రాత్రి రెండుసార్లు లేచి సంచి ఖాళీ చేయలేక అన్న మాట అది. కొందరు ఇళ్ళల్లో ఎవరూ చెప్పకపోయినా ఆ మనిషే తాగడం మానేస్తాడు. "వాళ్ళను ఎందుకు సతాయించాలె" అనుకుంటాడు. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, జిగురు గడ్డకట్టి దారి మూస్తుంది, రాళ్ళు వస్తాయి, ఇన్ఫెక్షన్ కిడ్నీలకు ఎక్కుతుంది. ఏ కిడ్నీల కోసమైతే అప్పు చేసి ఆపరేషన్ చేయించారో ఆ కిడ్నీలే పోతాయి. డాక్టరు నీళ్ళు తగ్గించమని చెప్పనివారైతే రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్లు తాగాలి, మన ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే చాలినన్ని తాగుతున్నట్లు. రాత్రి నిద్ర పాడవుతుందంటే దానికి మందు రాత్రి బ్యాగు. నీళ్ళు బందు చేయడం కాదు.

అసలు ఆ తల్లి ఎందుకు ఖాళీ చేయాలి? ఆ అబ్బాయికి రెండు చేతులూ ఉన్నాయి. నడుము దగ్గర దెబ్బ తగిలినవారికి చేతులు పూర్తిగా పనిచేస్తాయి. ప్లేటు కత్తిరించడం, అంటించడం, ఖాళీ చేయడం, రాత్రి బ్యాగు కలపడం, కడగడం, అన్నీ వారు చేసుకోగలరు. నేర్చుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో కారుతుంది, పక్క తడుస్తుంది, కోపం వస్తుంది, సంచి విసిరికొడతారు. అప్పుడు మీరు చేతిలోంచి లాక్కొని "జరుగు, నేను చేస్త" అనకండి. సామాన్లు చేతికి అందేంత ఎత్తులో పెట్టండి. బక్కెట్టు, మగ్గు, చెత్త వేసే కవరు, కత్తెర, ప్లేట్లు ఒకే డబ్బాలో ఉంచండి. పక్కన కూర్చోండి. ఇంకొకటి. ఇంటి గడప మీద ఒక చెక్క వాలుగా పరవండి. బాత్రూం తలుపు కుర్చీ పట్టేలా వెడల్పు చేయించండి. ఆ ఖర్చు సంచుల ఖర్చు కంటే ముందు పెట్టవలసినది అని నా అభిప్రాయం. మెడ దగ్గర దెబ్బ తగిలి చేతులు కూడా సరిగా ఆడనివారి సంగతి వేరు, వారికి మీ చేతులు కావాలి. అటువంటప్పుడు కూడా ఎప్పుడు మార్చాలి, ఎవరు మార్చాలి అన్నది వారినే నిర్ణయించనివ్వండి.

డాక్టర్ మేరీ వర్గీస్ పేరు మీలో కొందరు విని ఉండవచ్చు. వెల్లూరు సీఎంసీలో డాక్టరుగా ఉండగా 1954లో రోడ్డు ప్రమాదంలో ఆమె నడుము కింద చచ్చుబడింది. ఆ తర్వాత చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1966లో వెన్ను దెబ్బతిన్నవారి కోసం వెల్లూరులో పునరావాస కేంద్రం తెరిచారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. ఆ కేంద్రంలో రోగులకు తమ పనులు తాము చేసుకోవడం నేర్పుతారు.

అయితే అంత దూరం పోనక్కరలేదు. పుట్టుకతో వెన్ను సమస్య ఉన్న ఒక అమ్మాయి పరకాలలో ఇంటర్ చదివింది. మొదటి నెల కాలేజీకి పోనని ఏడ్చింది, సంచి కనబడుతుందని, వాసన వస్తుందని. సంచి సరిగా అంటి ఉంటే వాసన బయటికి రాదు. ఖాళీ చేసినప్పుడు మాత్రమే వస్తుంది. నల్లా చివర తుడుచుకోవడం మరిచిపోతే వస్తుంది. వదులు కుర్తా, ఒంటికి సంచి అంటుకొని చెమట పట్టకుండా పలుచని నూలు గుడ్డ తొడుగు వాళ్ళ అమ్మే కుట్టి ఇచ్చింది. కాలేజీ సంచిలో ఒక అదనపు ప్లేటు, సంచి, గుడ్డ, సీసా పెట్టుకునేది. ఇంకో సెట్టు ప్రిన్సిపాలు గారి గదిలో పెట్టించాము. మీ వాళ్ళు ఎక్కడికి పోయినా ఒక సెట్టు వెంట ఉండాలి. మోటారు సైకిలు డిక్కీలో, ఎండలో మాత్రం పెట్టవద్దు, జిగురు పాడవుతుంది.

పెళ్ళయినవారి సంగతి సభలో మాట్లాడటానికి సిగ్గుపడతారు కాబట్టి పొడిగా చెబుతాను. సంచి ఉన్నంత మాత్రాన భార్యాభర్తలు వేరు మంచాలు వేసుకోనక్కరలేదు. ముందు ఖాళీ చేసి, ఒక గుడ్డ పట్టీతో పొట్టకు కట్టుకుంటే సరిపోతుంది. అనుమానాలు ఉంటే విడిగా వచ్చి అడగండి.

ఇప్పుడు జాగ్రత్త సంకేతాలు. వెన్ను దెబ్బతిన్నవారికి కిడ్నీ దగ్గర నొప్పి తెలియకపోవచ్చు. కాబట్టి "నొప్పి లేదు కదా" అని ఊరుకోకండి. చలి, జ్వరం, కాళ్ళు ముందుకంటే ఎక్కువగా కొట్టుకోవడం, తిండి సహించకపోవడం, మూత్రం బురదగా మారి ఘాటు వాసన రావడం, ఇవన్నీ కలిసి వస్తే ఇన్ఫెక్షన్ అనుకోవాలి. ఊరికే పరీక్షలో క్రిములు కనబడ్డాయని మందులు వాడకూడదు. పేగు ముక్క ద్వారా వచ్చే మూత్రంలో క్రిములు ఎప్పుడూ ఉంటాయి. సంచిలోని మూత్రం పట్టుకొని పోయి ల్యాబులో ఇస్తే తప్పకుండా క్రిములు ఉన్నాయనే వస్తుంది. అది చూసి ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర నెలకొకసారి యాంటీబయాటిక్ సూదులు వేయించుకుంటే, నిజంగా జబ్బు వచ్చిన రోజు ఏ మందూ పనిచేయదు. పరీక్ష అవసరమైతే సంచి తీసి, స్టోమాలో కొత్త సన్నని గొట్టం పెట్టి నమూనా తీయాలి. అది నర్సు గానీ డాక్టరు గానీ చేయాలి.

రెండు మూడు గంటలుగా సంచిలోకి చుక్క కూడా రాకపోతే ముందు సంచి మెలిక పడిందా, గొట్టం కింద నలిగిందా చూడండి. సరిచేసినా రాకపోతే అదేరోజు ఆసుపత్రికి రావాలి. స్టోమా నల్లగా, నీలంగా మారినా, లోపలి నుంచి రక్తం ధారగా వచ్చినా ఆగకుండా రండి. ఛాతీ పైభాగంలో గానీ మెడలో గానీ వెన్ను దెబ్బతిన్నవారికి ఇంకొక ప్రమాదం ఉంది. మూత్రం దారి మూసుకున్నా, మలం గట్టిపడినా వారికి రక్తపోటు హఠాత్తుగా పెరుగుతుంది. తల పగిలేటంత నొప్పి, ముఖం ఎర్రబడటం, దెబ్బకు పైభాగంలో చెమటలు. అప్పుడు పడుకోబెట్టకూడదు. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, బట్టలు, పట్టీలు వదులు చేసి, సంచి మెలిక తీసి, తగ్గకపోతే 108కు ఫోన్ చేయాలి. వచ్చినవారికి "వెన్ను దెబ్బ, రక్తపోటు పెరిగింది" అని ముందుగా చెప్పాలి.

కొన్నిటికి భయపడనక్కరలేదు. బీట్‌రూట్ తింటే మూత్రం ఎర్రగా వస్తుంది. క్షయకు మాత్రలు వాడేవారికి నారింజ రంగులో వస్తుంది. మలబద్ధకం ఉన్నవారికి అప్పుడప్పుడు సంచి ఊదారంగుకు తిరుగుతుంది. చూసినవారు చేతబడి అంటారు, కాదు. అది క్రిముల వల్ల వచ్చిన రంగు. మలం సాఫీగా అయ్యేలా చూసి, మాకు చూపించండి. స్టోమా చుట్టూ ఇసుకలాగా తెల్లగా గరుకు పేరుకుంటే నీళ్ళు చాలడం లేదని, రంధ్రం పెద్దగా కత్తిరిస్తున్నారని అర్థం. అదీ చూపించాలి. ఏ బాధా లేకపోయినా ఏడాదికి ఒకసారి కిడ్నీల స్కానింగు, క్రియాటినిన్, బి12 రక్తపరీక్షలు చేయించాలి. పేగు ముక్క తీసినందువల్ల కొందరికి బి12 తగ్గుతుంది.

ఖర్చు గురించి మీరు అడగకముందే చెబుతాను. సంచులు చవక కాదు. అందుకని ఊడిన ప్లేటుకు ప్లాస్టరు వేసి వారం లాగడం, పాలిథీన్ కవరు కట్టడం చేస్తే చర్మం ఒరిసిపోతుంది, ఆ మీద ఏ ప్లేటూ అంటదు, ఖర్చు రెండింతలవుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి డబ్బాలుగా తెప్పించుకుంటే కొంత తగ్గుతుంది. ముంబైలో ఆస్టమీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అనే సంస్థ ఉంది, సలహా కోసం వారికి రాయవచ్చు. ఆపరేషన్‌కు ముందు ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద వచ్చే యూడీఐడీ కార్డు చేయించుకోండి. చక్రాల కుర్చీకి, మూడు చక్రాల సైకిలుకు కేంద్ర ప్రభుత్వ ఆలింకో సంస్థ శిబిరాలు పెట్టినప్పుడు ఆ కార్డు అడుగుతారు. కుర్చీ ఇస్తున్నారు కదా అని సైజు చూడకుండా తీసుకోవద్దు. సీటు లోతు ఎక్కువైతే మనిషి ముందుకు జారి కూర్చుంటాడు, పొట్ట మడతపడుతుంది, మళ్ళీ ప్లేటు కారుతుంది. ప్లేటు ఎందుకు కారుతుందో తెలియక మా దగ్గరకు వచ్చినవారిలో కొందరికి మేము మార్చింది కుర్చీ దిండు మాత్రమే.

ఇప్పుడు భోజనాల ముందు అరగంట సమయం ఉంది. బల్ల మీద మూడు రకాల ప్లేట్లు, సంచులు పెట్టాము. నీళ్ళు నింపి మీ చేతి మీద అంటించుకొని, నల్లా తెరిచి చూడండి. కుర్చీల్లో వచ్చినవారు ముందు వరుసలోకి రండి, ఇంటివారు వెనుక నిలబడండి. వచ్చే నెల ఆపరేషన్ తేదీ ఇచ్చినవారు ఈరోజు వెళ్ళేముందు నన్ను కలిసి, గుర్తు పెట్టించుకోవడానికి ఏ రోజు కుర్చీతో సహా వస్తారో రాయించుకోండి.